స్వీటు కళ్ళకద్దుకున్న శనివారం

మొన్న శనివారం నేను చేసిన నిర్వాకం చెప్తాను గానీ, ముందు అందరూ నోట్లో ఉన్నది మింగేయండి. నవ్వితే పొలమారుతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, నా మూలంగా ఒక గదిలో ఉన్న అమెరికన్లందరూ, అందులో ఒకాయన ఫిజిక్స్ ప్రొఫెసర్ కూడానూ, జపాన్ వాళ్ళ స్వీటుని తిరుపతి ప్రసాదంలాగా కళ్ళకద్దుకున్నారు. అక్కడితో ఆగినా బావుండేది. ఆగలేదు!

మొదట్నుంచీ చెప్తా. మా అమ్మాయి అనఘ కిందటేడాది కాలేజీకి వెళ్ళింది కదా, లాస్ ఏంజెలిస్ దగ్గర. మన శాన్ రామన్ నుంచి ఆరు గంటల డ్రైవ్. అక్కడ దాన్ని అందరూ 'అన్నా' అంటారు. అనఘలో ఆ 'ఘ' వాళ్ళకి నోరు తిరగదు. మొదటిసారి వీడియో కాల్‌లో ఎవరో వెనకనుంచి "అన్నా! అన్నా!" అని పిలుస్తుంటే, పోన్లే, పక్కన మన తెలుగు పిల్లలెవరో ఉన్నారు అని సంబరపడ్డాను. తీరా చూస్తే నీలం జుట్టు అమ్మాయి!

అది వెళ్ళాక ఇంట్లో నా పరిస్థితి ఏం చెప్పమంటారు? ఇప్పటికీ దోసెల పిండి ముగ్గురికి రుబ్బుతాను. దాంతో నేనూ మా ఆయనా వారమంతా దోసెలే తింటాం. దానికి ఫోన్ చేస్తే "అమ్మా, క్లాస్‌లో ఉన్నా, లేటర్" అంటుంది. ఆ లేటర్ ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. సరే అని మెసేజ్ పెడతాను. అమ్మలూ, ఇవాళ పక్కింటి నిమ్మచెట్టు ఇలా కాసింది, మీ నాన్న అలా జారిపడ్డారు, నీకు జలుబు తగ్గిందా, అని ఒక పేజీ రాస్తాను. జవాబుగా ఒక బొటనవేలు వస్తుంది. అంతే, బొటనవేలు! ఒక్కోసారి ఆ బొటనవేలునే చూస్తూ కూర్చుంటాను. పసుపు రంగులో, గుండ్రంగా, దాని చిన్నప్పటి బొటనవేలు లాగానే ఉంటుంది.

ఇంక నాకు మిగిలింది ఫోన్‌లో చుక్క. లొకేషన్ షేరింగ్ పెట్టుకున్నాం కదా, మ్యాప్ మీద నీలం చుక్క కదులుతూ ఉంటుంది. ఆఫీసు మీటింగ్ మ్యూట్‌లో పెట్టి మరీ ఆ చుక్కని చూస్తాను. లైబ్రరీలో ఉంది. రూమ్‌కి వెళ్ళింది. డైనింగ్ హాల్‌లో ఉంది, అమ్మయ్య, తింటోంది. అలా చూడగా చూడగా ఒక సంగతి కనిపెట్టాను. ప్రతి గురువారం సాయంత్రం ఈ చుక్క క్యాంపస్ వెనకాల, చెట్ల మధ్యలో ఎక్కడికో వెళ్ళి, చాలాసేపు కదలకుండా ఉంటోంది!

"ఏవండీ, దీనికి బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడండీ" అన్నాను.

"గురువారం అంటున్నావుగా, బాబా గుడేమో" అన్నారు మా ఆయన, టీవీలోంచి మొహం తిప్పకుండా.

ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా! యు ఆర్ స్టాకింగ్ మీ!" అని గొడవ. తర్వాత మెల్లగా చెప్పింది. "జపనీస్ టీ క్లబ్ అది. నేను టీ నేర్చుకుంటున్నా."

"టీ పెట్టడానికి క్లాసా? ఆ మాత్రం నేను నేర్పనా? గ్లాసుడు నీళ్ళు, గ్లాసుడు పాలు, కాస్త అల్లం..."

"సీ, దిస్ ఈజ్ వై నీకు ఏమీ చెప్పను" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట గుచ్చుకుందండీ. నిజం చెప్తున్నా, ఆ రాత్రంతా అదే వినపడింది చెవుల్లో. ఏదో వెటకారంగా అన్నాను గానీ, అది ఒక పని ఇంత ఇష్టంగా, గురువారం గురువారం మానకుండా చేస్తోందంటే నాకెంత కుతూహలం! అడుగుదామంటే భయం. మళ్ళీ ఏ వెధవ జోకు నోట్లోంచి జారుతుందో అని.

అలా ఉండగా, ఒకరోజు దాని దగ్గర్నుంచే మెసేజ్. "నెక్స్ట్ మంత్ మా క్లబ్ టీ గ్యాదరింగ్. ఫస్ట్ టైమ్ నేను హోస్ట్. ఫ్యామిలీస్ రావచ్చు. నో ప్రెషర్."

మా ఆయనకి చూపించాను. "నో ప్రెషర్ అంది కదా, చూద్దాంలే" అన్నారు.

"అంటే రమ్మని!"

"అలా అనలేదే."

"మీకు చదవడం రాదు, లేవండి, హోటల్ బుక్ చేయండి" అన్నాను.

వస్తున్నాం అని చెప్పగానే రూల్స్ పంపించింది. ఉంగరాలు, గాజులు తీసేయాలి, ఆ గిన్నెలు చాలా పాతవి, గీతలు పడతాయి. సెంటు వద్దు. తెల్ల సాక్సులు తప్పనిసరి. ఫుడ్ తీసుకురాకు. మాట్లాడకు. మొదటి సీట్లో మాత్రం కూర్చోకు, ప్లీజ్. మధ్యలో ఎక్కడైనా కూర్చుని, పక్కవాళ్ళు ఏం చేస్తే అదే చెయ్యి. ఇంత పొడుగు మెసేజ్ అది నాకు రాయడం ఏడాది తర్వాత. ఆ రూల్సుని ఎన్నిసార్లు చదువుకున్నానో! ప్రేమలేఖ చదువుకున్నట్టు చదువుకున్నాను.

చదివానే గానీ పాటించానా? ఫుడ్ తీసుకురాకు అంటే టీ గదిలోకి తేవద్దని. కార్లోకి వద్దనలేదుగా! అందుకని పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. దారంతా ఇంగువ వాసన. మా ఆయన అద్దాలు దించి డ్రైవ్ చేశారు. గాజులేమో చేతికి బిగుసుకుపోయాయి, ఇరవై ఏళ్ళుగా తీసిందెప్పుడు? దారిలో గ్యాస్ స్టేషన్ బాత్రూంలో సబ్బు నురగ పెట్టి లాగుతుంటే, చేతులు కడుక్కుంటున్న ఒక ముసలావిడ కంగారుగా "హనీ, పోలీసుల్ని పిలవనా?" అంది. బేడీలనుకుంది పాపం!

మొత్తానికి చేరాం. క్యాంపస్ వెనకాల చిన్న జపాన్ తోట, అందులో చెక్కతో కట్టిన చిన్న ఇల్లు. నీలం చుక్క వెళ్ళే చోటు ఇదే. ఇన్నాళ్ళు మ్యాప్‌లో చూసిన చోట నా కాళ్ళతో నిలబడితే ఒళ్ళు ఝల్లుమంది.

లోపల నేలంతా గడ్డి చాపలు. అందరూ మోకాళ్ళ మీద కూర్చోవాలి. మా ఆయన మోకాలు సంగతి తెలుసుగా, ఆయనకి వెనకాల గోడ దగ్గర కుర్చీ వేశారు. నన్ను వరసలో మధ్యలో కూర్చోమన్నారు. బుద్ధిగానే కూర్చున్నాను, మీ మీద ఒట్టు! వరస మొదట్లో ఒక చోటు ఖాళీగా ఉంది. మన పెళ్ళిళ్ళలో ముందు వరస సోఫా ఎవ్వరూ కూర్చోక ఖాళీగా ఉంటుంది చూడండి, అలాగ. పక్కనున్న వలంటీర్ అమ్మాయిని అడిగాను, టీ చేసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని. పొయ్యి దగ్గర అని చూపించింది. చూస్తే ఏముంది, నేనున్న చోటునుంచి కనపడేది వీపూ, మెడా. మొదటి చోటులోంచైతే ఎదురుగా మొహం!

సెలవులకొచ్చి ఆగస్టులో వెళ్ళిన పిల్ల. ఆరు గంటలు ప్రయాణం చేసి నేనొచ్చింది వీపు చూడ్డానికా?

లేచాను. వెళ్ళి మొదటి చోట్లో కూర్చున్నాను.

వలంటీర్ అమ్మాయి మొహం పాలిపోయింది. వంగి చిన్నగా అడిగింది, "మ్యామ్, అది ఫస్ట్ గెస్ట్ సీటు. మీకు ఇంతకుముందు అలవాటు ఉందా?"

"యెస్, యెస్. ఐ యామ్ హర్ మదర్" అన్నాను.

ఆ ప్రశ్నకీ ఈ జవాబుకీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలీదు. ఆ పిల్ల మూలన కూర్చున్న టీచర్ వైపు చూసింది. సెన్సే అంటారట ఆవిణ్ణి, బూడిద రంగు కిమోనోలో డెబ్భై దాటిన సన్నటి ఆవిడ. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, సరే కానివ్వండి అన్నట్టు తలూపింది. వెనకాల కుర్చీలోంచి మా ఆయన రెండు చేతులూ ఊపుతున్నారు. ఏంటో, బాగా కనపడుతోందా అని అడుగుతున్నారనుకుని, బ్రహ్మాండం అని నేనూ చెయ్యి ఊపాను.

తర్వాత తెలిసిందేంటంటే, ఆ మొదటి అతిథే అందరికీ లీడర్. ఆవిడ ఎలా చేస్తే మిగతావాళ్ళు అలా చెయ్యాలి. హోస్ట్‌తో మాట్లాడేది కూడా ముందు ఆవిడే. పైగా మిగతా అతిథులందరూ కొత్తవాళ్ళు. వాళ్ళకి కూడా నాకు చెప్పిందే చెప్పారు: పక్కవాళ్ళు ఏం చేస్తే అదే చెయ్యండి!

నా పక్కన ఎర్ర గడ్డం ప్రొఫెసర్. ఆయన పక్కన ఆయన భార్య. ఆ తర్వాత ఒక జంట, ఇద్దరు స్టూడెంట్లు, చివర్లో కాస్త చెవుడున్న ఒక మామ్మగారు. అందరూ నావైపు మెడలు తిప్పి భక్తిగా చూస్తున్నారు.

తలుపు పక్కకి జరిగింది. అవతల మా అనఘ, మోకాళ్ళ మీద. లేత ఆకుపచ్చ కిమోనో, జుట్టు పైకి ముడి. నేల మీద చేతులు ఆనించి వంగి నమస్కారం చేసింది. తల ఎత్తింది. ఎదురుగా మొదటి సీట్లో నేను!

ఒక్కసారి రెప్ప వేసింది. అంతే. మొహంలో ఇంకేమీ కదల్లేదు.

లేచి లోపలికి నడుస్తుంటే అడుగుల చప్పుడే లేదు. ఇంట్లో మెట్లు దిగితే పక్కింటికి వినపడే పిల్ల! గిన్నె తుడవడం, గరిట పట్టుకోవడం, అన్నీ నీళ్ళలో కదిలినట్టు నెమ్మదిగా. ఇది ఎప్పుడు నేర్చుకుంది? నాకు చెప్పకుండా ఇంత ఎప్పుడు పెరిగింది? లేచి వెళ్ళి ఆ బుగ్గ పట్టుకోవాలనిపించింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది, చాపకూడదు. అంత దగ్గర్లో ఉండి అంత బెంగ నేను ఈ ఏడాదిలో ఎప్పుడూ పెట్టుకోలేదు.

వలంటీర్ అమ్మాయి స్వీట్ల గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల నారింజ రంగు టమాటాల్లాంటి చిన్న చిన్న పెర్సిమన్ పళ్ళు, మెరిసిపోతున్నాయి. చూస్తే పళ్ళే అనుకుంటాం, స్వీట్లవి! అనఘ నావైపు వంగి, "ప్లీజ్ హావ్ ఎ స్వీట్" అంది, ఎవరితోనో అన్నట్టు.

అంత పద్ధతిగా అడిగేసరికి నా చేతులు వాటంతటవే కలిసిపోయాయి. నమస్కారం పెట్టాను. పక్కన ప్రొఫెసర్ గారు కూడా పెట్టారు. ఆయన భార్య పెట్టింది. వరసంతా, చివరి మామ్మగారి దాకా నమస్కారాలు.

గిన్నె మీద చాప్‌స్టిక్స్ ఉన్నాయి. వాటితో తీసి, మనకిచ్చిన తెల్ల కాగితం మీద పెట్టుకోవాలట. నాకు చాప్‌స్టిక్స్‌తో నూడుల్సే రావు, ఆ మెత్తటి పండు జారి కింద పడితే? కుడిచేత్తో తీసుకున్నాను. చేతిలోకి తీపి పదార్థం వచ్చింది, ఎదురుగా దీపంలా కూర్చున్న పిల్ల, గదిలో గుళ్ళో ఉన్నంత నిశ్శబ్దం. ఇంకేముంది, కళ్ళకద్దుకున్నాను!

ప్రొఫెసర్ గారు అద్దుకున్నారు, ముందు కళ్ళజోడు తీసి మరీ. ఆవిడ అద్దుకుంది. స్టూడెంట్లు అద్దుకున్నారు. మామ్మగారు రెండు కళ్ళకీ చెరోసారి అద్దుకుంది. మూలన సెన్సే చేతిలో విసనకర్ర మొహానికి అడ్డం వచ్చింది.

ఇప్పుడు అసలు ముప్పు. ఆ స్వీటు వెంటనే తినేయాలి. ముందు స్వీటు, అది పూర్తిగా అయ్యాక టీ, ఆ తీపి నోట్లో ఉండగా చేదు టీ తాగితే రుచి. మనం తింటున్నామని చూసుకుని హోస్ట్ టీ కలుపుతుంది. నాకేం తెలుసు? మనకి టీ వచ్చాక కదా బిస్కెట్ తినేది! టీ రానీ అని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నేను తినట్లేదని ఎవ్వరూ తినట్లేదు. మేం తినట్లేదని అది టీ కలపట్లేదు. అది కలపట్లేదని నేను తినట్లేదు!

కెటిల్‌లో నీళ్ళు సుయ్యిమంటున్నాయి. అందరి చేతుల్లో పెర్సిమన్లు. నా మోకాళ్ళు ఎప్పుడో చచ్చిపోయాయి. అనఘ చేతిలో వెదురు గరిట గాల్లో ఆగిపోయింది. రోజంతా ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, ఇక్కడ తప్పేంటో, ఎవరిదో నాకు అర్థం కాలేదు చూడండి!

అప్పుడు మా అమ్మాయి కళ్ళెత్తకుండా, ఆ మర్యాద గొంతుతోనే, మెల్లగా అంది. "అమ్మా, తిను."

ఏళ్ళ తరబడి నేను దాని వెంట పడి అన్న మాట! అది నాతో అనడం ఇదే మొదటిసారి. మాట్లాడకు అని రాసిన సంగతి మర్చిపోయాను. నోట్లోంచి వచ్చేసింది, గదంతా ఖంగుమనేట్టు:

"నువ్వు తిన్నావా?"

అది వంగి నమస్కరించింది. నేను స్వీటు కొరికాను. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

ఎక్కడ! ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకున్నారు. స్వీటు రెండు చేతుల్తో పట్టుకుని, మా అమ్మాయి వైపు తిరిగి, ఒక్కో అక్షరం ఒత్తి పలికారు. "నూవు టినావా?"

తినేముందు హోస్ట్‌తో అనాల్సిన జపాన్ మాట అనుకున్నారండీ ఆయన!

అనఘ ఏం చేస్తుంది? ఆయనకీ వంగి నమస్కరించింది. వెంటనే ఆయన భార్య, "నూవూ టిన్నావా?" మళ్ళీ నమస్కారం. తర్వాత ఆ జంట. తర్వాత స్టూడెంట్లు. ఒక్కొక్కరూ అంత శ్రద్ధగా, అంత గౌరవంగా, ఇంటికి దూరంగా ఉన్న నా కూతుర్ని తెలుగులో తిన్నావా అని అడుగుతున్నారు. నేను రోజూ అడగాలనుకుని, బిజీగా ఉంటుందేమోనని మానేసిన మాట! మామ్మగారికి సరిగ్గా వినపడక "నువ్వు నవ్వా?" అంది గట్టిగా.

దాంతో అనఘ మొహం పొయ్యి వైపు తిప్పేసుకుంది. శుభ్రంగా ఉన్న గిన్నెని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలీలేదు.

ఆ స్వీటు ఎలా ఉందంటారా? లోపల మన బూరెల పూర్ణమే, యాలకులు వెయ్యడం మర్చిపోయినట్టుంది. సగం తిన్నాక, మా అనఘకెవరైనా పెట్టారో లేదో అనిపించింది. మిగతా సగం కాగితంలో చుట్టి దాచాను. వరసంతా సగం సగం చుట్టి దాచుకున్నారు. టీ వచ్చింది. గిన్నె ముందు భాగంతో తాగకూడదు, కొంచెం తిప్పి తాగాలని వీడియోలో చూశాను. ఆ ఒక్కటన్నా కరెక్టుగా చేద్దామని తిప్పాను, తిప్పాను, తిప్పీ తిప్పీ మళ్ళీ ముందు భాగానికే వచ్చాను. అక్కడే తాగాను.

అయిపోయాక లేవబోతే కాళ్ళు నావి కావు. ప్రొఫెసర్ గారి భుజం పట్టుకున్నాను. ఆయన కాళ్ళూ పోయాయట, ఇద్దరం కలిసి కూలబడ్డాం.

బయట తోటలో ఒక బండ మీద కూర్చుని కాళ్ళు రుద్దుకుంటుంటే సెన్సే వచ్చింది. నేను సారీ, సారీ అంటున్నాను. ఆవిడ అది పట్టించుకోకుండా, "ఆ మాటకి అర్థం ఏమిటి?" అని అడిగింది ఇంగ్లీషులో. చెప్పాను.

"మరి తిన్నదా?" అంది.

"తెలీదండీ, చెప్పలేదు."

"తినలేదు. పొద్దున్నుంచి భయంతో ఏమీ తినలేదు. తీసుకెళ్ళి పెట్టండి" అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కాగితంలో చుట్టి తీసుకెళ్ళారే, అది మా పద్ధతే. మిగతావి ఏవీ కావు."

కార్ దగ్గరికి అనఘ వచ్చింది, కిమోనోలోనే, చిన్న చిన్న అడుగులతో, కోపంగా. కిమోనోలో కోపంగా నడవడం ఎంత కష్టమో అప్పుడే చూశాను.

"అమ్మా, నేను నీకు ఒక్క థింగ్ చెప్పా. ఒక్కటి! ఫస్ట్ సీట్‌లో కూర్చోకు అని."

"మధ్యలోంచి మొహం కనపడట్లేదే."

"ఎవరి ఫేస్?"

"నీదే."

కిమోనో చేతులు సర్దుకుంది. తర్వాత గొంతు మారింది. "నేను ఆగస్ట్ నుంచి ప్రాక్టీస్ చేశా అమ్మా. ఐ వాంటెడ్ ఇట్ టు బి పర్ఫెక్ట్. నువ్వు చూడాలని. నువ్వు స్వీట్ పట్టుకుని అలా చూస్తూ ఉన్నావ్, నాకు నెక్స్ట్ స్టెప్ మర్చిపోయింది. అండ్ ఆ ప్రొఫెసర్, అమ్మా, ఆయన నా మిడ్‌టర్మ్ గ్రేడ్ చేస్తారు!"

నువ్వు చూడాలని. నేను చూడాలని అన్ని నెలలు! "సారీ అమ్మలూ" అన్నాను. నిజంగానే అన్నాను, సాగదీయకుండా, సాకులు చెప్పకుండా.

అది ముక్కు ఎగబీల్చింది. ఏడుపనుకున్నాను. "కార్‌లో పులిహోర స్మెల్ వస్తోంది" అంది.

"అదీ... సీటుకి పట్టేసిందిలే."

"అమ్మా."

"డిక్కీలో ఉంది" అన్నారు మా ఆయన, అప్పటిదాకా నోరు మెదపని మనిషి.

ఇప్పుడు చిక్కేంటంటే, ఆ కిమోనో క్లబ్బుది. ఇంతింత పొడుగు చేతులు. నడుముకి చుట్టిన ఆ వెడల్పాటి పట్టీతో వంగలేదు. పసుపు మరక పడిందా, అంతే సంగతులు! స్పూను కూడా తేలేదు నేను. దాన్ని వెనక సీట్లో నిటారుగా కూర్చోబెట్టి, హోటల్ కోసం తెచ్చుకున్న తువ్వాలు మెడ చుట్టూ కట్టి, నేను చేత్తో ముద్దలు చేసి నోట్లో పెట్టాను. మా ఆయన ఇంకో తువ్వాలు ఒళ్ళో పరిచి, క్రికెట్‌లో స్లిప్ ఫీల్డర్‌లా చేతులు చాపి నిలబడ్డారు. ఒక ఆవగింజ జారితే క్యాచ్ పట్టారు కూడా!

నా చేతి ముద్ద అది ఎప్పుడు తిన్నదో గుర్తు లేదు. ఆరో క్లాసులో "నేను బేబీ కాదు" అన్నాక మళ్ళీ లేదు. రెండో ముద్దకి కళ్ళు మూసుకుంది. నేను అలవాటుగా కరివేపాకు ఏరి పక్కన పెడుతున్నాను.

"ఎందుకు తీస్తున్నావ్? నేను ఇప్పుడు తింటా అది."

"ఎప్పట్నుంచే?"

"ఐ డోంట్ నో. ఎప్పుడో."

ఆ 'ఎప్పుడో' నా లోపల ఎక్కడో పడింది. నా కూతురు కరివేపాకు తినడం మొదలుపెట్టిన రోజు నేను అక్కడ లేను. దాని నీలం చుక్క డైనింగ్ హాల్‌లో ఉందని తెలుసు గానీ, ప్లేట్‌లో కరివేపాకు ఏరుతోందో తింటోందో చుక్క చెప్పదుగా. సరే అని, ఆ ఏరిపెట్టినవన్నీ తర్వాతి ముద్దలో కలిపి పెట్టాను. నమిలి నమిలి తింది.

డబ్బా ఖాళీ అయ్యింది, కాగితంలో దాచిన సగం స్వీటూ అయిపోయింది. "వెళ్ళాలి, క్లీనింగ్ ఉంది" అంది. తువ్వాలు విప్పాను. మూతి తుడవబోతే తనే తుడుచుకుంది. కొంచెం దూరం వెళ్ళి, ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"స్ప్రింగ్‌లో ఇంకో టీ ఉంది. యు షుడ్ కమ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏ సీట్లో కూర్చోమంటావు? నువ్వెక్కడంటే అక్కడ!"

"సీట్ లేదు అమ్మా. వెనకాల చిన్న కిచెన్ ఉంది. హెల్పర్స్ అక్కడ బౌల్స్ కడుగుతారు. నేను టీ మధ్యలో చాలాసార్లు అక్కడికి వస్తా. అక్కడ నువ్వు గెస్ట్స్‌కి కనపడవు. వినపడవు కూడా."

"అంటే, అంట్లు తోమాలా?"

"యెస్."

"వస్తా" అన్నాను. ఆలోచించను కూడా లేదు. ఎన్నిసార్లు ఆ తలుపు తీసుకుని లోపలికొస్తుందో అన్నిసార్లు ఎదురుగా మొహం చూడొచ్చు! గెస్టులకెవరికి ఉంది ఆ భాగ్యం?

దారిలో మా ఆయన అంటున్నారు, "ఇంట్లో డిష్‌వాషర్‌లో కప్పు పెట్టమంటేనే నడుం నొప్పంటావు. ఆరు గంటలు వెళ్ళి అంట్లు తోముతావా? అదీ నేను డ్రైవ్ చేస్తే!"

ఆయన మాటకేం గానీ, ఆదివారం ఇంటికి రాగానే డిష్‌వాషర్ ఆపేసి చేత్తో కడగడం ప్రాక్టీసు మొదలుపెట్టాను. పాత గిన్నెల్ని పట్టుకున్నట్టు రెండు చేతుల్తో, నీళ్ళలో కదిలినట్టు నెమ్మదిగా, అనఘ చేసినట్టే! మొదటి పూటే రెండు పింగాణీ గిన్నెలు ఢామ్మన్నాయి. మా ఆయన చీపురుతో ముక్కలు ఊడ్చుకుంటూ, చాలా మర్యాదగా అన్నారు:

"వాణీ, ఆ జపాన్ గిన్నెలకి ఇన్సూరెన్స్ ఉందేమో, స్ప్రింగ్ లోపు కనుక్కో."